క్యారియర్‌లో చిత్రాన్నం, సంచిలో నెట్టు

ఆ ఉదయం రామసుబ్బయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రొద్దుటూరులో తొమ్మిదిన్నర బస్సెక్కి జమ్మలమడుగులో కూతురింటికి వెళ్లాలి. వీధి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పదకొండున్నర నుంచి గంటసేపు ఎవరొచ్చినా తలుపు దగ్గరే మాట్లాడి పంపించేయాలి. సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. ముప్ఫై ఏళ్లుగా చీరల అంగడి నడుపుతూ, నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనని వాళ్లను కూడా నవ్వుతూ సాగనంపిన మనిషికి ఇదేమంత పని కాదు.

కూతురు ప్రసూనకు ఆ రోజు ఇంటర్వ్యూ. హైదరాబాదు కంపెనీ. ఇంట్లో కూర్చుని, జనం ఫోన్లో చెప్పే ఫిర్యాదులు విని, ఓపికగా సమాధానం చెప్పే ఉద్యోగం. ఇంటర్వ్యూ కూడా కంప్యూటర్లోనే. రేపు పని చేయాల్సింది ఇంటి లైనుతోనే కాబట్టి ఇంటర్వ్యూకు కూడా ఇంటి లైనుతోనే రావాలని, సెల్‌ఫోన్ నెట్టుతో వస్తే ఒప్పుకోమని ముందే రాసి పంపారు. అల్లుడు వెంకటసాయికి తుమ్మలపల్లె గనిలో స్టోర్స్ సెక్షన్‌లో పని. షిఫ్టు ఉన్న వారమంతా పులివెందులలో గది తీసుకుని ఉంటాడు. ఇంట్లో ప్రసూన ఒక్కతే. అందుకే తండ్రిని కాపలాకు పిలిచింది.

పిలవకపోయినా ఆయన వెళ్లేవాడే. నాలుగేళ్ల కిందట డిగ్రీ అయిన వెంటనే ఆ పిల్లకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. "ఇంట్లో కూసోని చేసేదైతే చెయ్యి పాపా, ఊరిడిసి పొయ్యేదైతే వద్దు" అన్నది రామసుబ్బయ్యే. ప్రసూన ఎదురు చెప్పలేదు. ఏడవనూ లేదు. ఏడ్చి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది. ఇప్పుడు ఆ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం నిజంగానే గుమ్మం దాకా వచ్చింది. అది లోపలికి వచ్చేదాకా తాను ఆ గుమ్మంలోనే కూర్చోవాలని ఆయన గట్టిగా అనుకున్నాడు.

అయితే రామసుబ్బయ్యకు ఒక పట్టింపు ఉంది. ఆడపిల్లను ఇచ్చిన ఇంట్లో మెతుకు ముట్టడు. ఆయన తండ్రి ముట్టలేదు, తాత ముట్టలేదు. వాళ్లకంటే ఈయన ఒక మెట్టు పైకెక్కి, నీళ్లు కూడా సీసాలో పట్టుకుని వెళ్తాడు. కూతురు ఎంత బతిమాలినా క్యారియర్ విప్పి తన చిత్రాన్నం తాను తిని, క్యారియర్ కడుక్కోవడానికి కూడా తన సీసాలో నీళ్లే వాడతాడు.

పోయిన నెల ఆ నిష్ఠకు భంగం కలిగింది. కూతురింట్లో కూర్చుని ఫోన్లో గంటసేపు బ్రహ్మంగారి తత్వాలు విన్నాడు. వినడమైపోయాక, ఆ ఫోను ఎప్పుడో తనంతట తానే అల్లుడి వై-ఫై అందుకుందని తెలిసింది. ఆయన మనసు చివుక్కుమంది. గంటసేపు అల్లుడి నెట్టు తిన్నట్టే కదా! మరునాడే ఒక బుట్ట చీనీకాయలు బస్సులో పంపితే గాని నిద్ర పట్టలేదు.

ఈసారి ఆ పొరపాటు జరగకూడదనుకున్నాడు. ప్రొద్దుటూరు ఇంట్లో నెట్టు అకౌంటు తన పేరు మీదే ఉంది. అంగడి బ్యాంకు అకౌంటు కూడా తన పేరు మీదే ఉంది. ప్రొద్దుటూరులో తెరిచిన ఆ బ్యాంకు అకౌంటు జమ్మలమడుగు బ్రాంచిలో నిక్షేపంగా పనిచేస్తుంది. అదీ అకౌంటే, ఇదీ అకౌంటే. రెండూళ్లలోనూ నెట్టు కంపెనీ ఒకటే. ఇంక అడ్డేముంది? భార్య పెద్దసుబ్బమ్మ అమ్మవారిశాల గుడికి పోయిన సమయం చూసి, గోడకున్న తెల్ల బాక్సును, దాని ప్లగ్గుతో సహా ఊడదీసి, తువ్వాలులో చుట్టి, క్యారియర్ పక్కన సంచిలో పెట్టుకున్నాడు. భార్యతో చెబితే వద్దంటుందని చెప్పలేదు. వద్దనే భార్య ఉండటం ఎంత అదృష్టమో ఆయనకు మధ్యాహ్నానికి గాని తెలియలేదు.

జమ్మలమడుగు చేరేసరికి పది దాటింది. ప్రసూన టేబుల్ మీద ల్యాప్‌టాప్ సర్దుకుని, వెనక గోడకు ఉతికిన దుప్పటి కట్టి ఉంది.

"నాయనా, నీ ఫోను సైలెంటులో పెట్టు. నేను తానం చేసి చీర కట్టుకొనొస్తా. కాపీ పెడుదునా?"

"వద్దు పాపా. తాగే వచ్చినా."

"ఎప్పుడూ అదే మాట!" అంటూ ఆమె లోపలికి వెళ్లింది.

రామసుబ్బయ్య ఫోనును సైలెంటులో పెట్టాడు. చేతిలో ఉంటే చూడబుద్ధవుతుందని సంచిలో అడుగున పడేశాడు. ఇంటర్వ్యూకు ఇంకా గంట ఉంది కాబట్టి ఈలోగా తన నెట్టు తాను బిగించుకుంటే సరిపోతుందనుకున్నాడు. అలమరలో అల్లుడి బాక్సు పచ్చ లైట్లతో వెలుగుతూ ఉంది. అచ్చం తన బాక్సులాగే తెల్లగా, రెండు కొమ్ములతో ఉంది. గోడలోంచి వచ్చే సన్నటి పసుపు వైరును దాని నుంచి లాగి తన బాక్సుకు గుచ్చాడు. అల్లుడి బాక్సును పూర్తిగా ఆర్పేయడం మర్యాద కాదని దాని కరెంటు మాత్రం తీయలేదు. రెండు బాక్సులూ పక్కపక్కన పెట్టి, దండం పెట్టుకుని, స్విచ్ వేశాడు.

తన బాక్సులో ఒక లైటు మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. ఎంతసేపు చూసినా అది నిలకడగా వెలగలేదు. అప్పుడాయనకు ప్రొద్దుటూరులో నెట్టు బాగుచేసే ముబారక్ గుర్తొచ్చాడు. ఒకసారి నెట్టు మొరాయిస్తే ఆ పిల్లోడు బాక్సు వెనక ఉన్న చిన్న బొక్కలో సూది పెట్టి పది లెక్కపెట్టాడు. చీరలకు చీటీలు గుచ్చే అలవాటు కొద్దీ రామసుబ్బయ్య కాలరుకు ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉంటాయి. ఒకటి తీశాడు. వెనకవైపు కనబడాలని రెండు బాక్సులనూ తిప్పాడు. తిప్పడంలో ఏది ఎవరిదో తారుమారైంది. చేతికందిన బాక్సులో సూది పెట్టి, అనుమానం లేకుండా ఇరవై దాకా లెక్కపెట్టాడు.

అది అల్లుడి బాక్సు.

పదకొండుకు ప్రసూన పట్టుచీర కట్టుకుని వచ్చి అలమర వైపు చూసింది. నిన్న ఒకటి ఉన్నచోట ఈరోజు రెండు ఉన్నాయి.

"నాయనా, ఇదేంది?"

"ఏం లేదు పాపా. మన నెట్టు నేనే తెచ్చుకున్నా. మీకెందుకు ఇబ్బందని."

"నెట్టు తెచ్చుకుంటివా?"

"మన అకౌంటే గదా! కానీ ఏందో లైటు నిలబడల్యా. సూదితో గూడా పొడిసి చూసినా."

"దేన్ని పొడిసినావు?"

ఆయన చూపించాడు. ప్రసూన ముఖంలో రంగు పోయింది. పసుపు వైరును మళ్లీ తమ బాక్సుకే గుచ్చింది. కరెంటు ఆపి, మళ్లీ వేసింది. బాక్సు వెలిగింది గాని నెట్టు రాలేదు. సూదిపోటుకు దానిలో రాసి పెట్టిన అకౌంటు పేరూ పాస్‌వర్డూ అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కడపరాళ్లతో కట్టిన ఆ పాత ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అంతంతమాత్రం. మిద్దె మీదికెక్కితే వస్తుంది గాని, అది సెల్‌ఫోన్ నెట్టు. దానితో వస్తే ఒప్పుకోమన్నారు.

ఆమె అరిచి ఉంటే రామసుబ్బయ్య తట్టుకునేవాడే. ఆమె అరవలేదు. నాలుగేళ్ల కిందట ఎలా ఊరుకుందో అలాగే ఊరుకుంది.

"నాయనా, నువ్వు వాకిట్లో కూసో. ఎవురినీ లోపలికి రానియ్యొద్దు. ఇంకేమీ ముట్టొద్దు" అని, కిటికీ పక్కన నిలబడి నెట్టు కంపెనీకి ఫోన్ చేసింది. అటువైపు ఏదో పాట వస్తూ ఉంది.

ఇంకేమీ ముట్టొద్దు. జీవితమంతా ఆ ఇంట్లో ఏమీ ముట్టకూడదనుకున్న మనిషికి ఆ మాట చాలా లోతుగా తగిలింది. రామసుబ్బయ్య సంచి తీసుకుని వాకిట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఒకసారి తన మాటతో ఆపాను, ఇప్పుడు నా మర్యాదతో ఆపాను అనుకున్నాడు.

ఇదే సమయంలో ప్రొద్దుటూరులో ఏం జరుగుతూ ఉందో ఆయనకు తర్వాత తెలిసింది. మనం ఇప్పుడే తెలుసుకుంటే మంచిది. పెద్దసుబ్బమ్మ పదిన్నర సీరియలు పెట్టుకుంటే టీవీలో నెట్టు లేదని వచ్చింది. వెంటనే ముబారక్‌ను పిలిచింది. ముబారక్ వచ్చి గోడను చూశాడు.

"పెద్దమ్మా, బాక్సు యాడ?"

"నువ్వు పెట్టినకాడే ఉంటాది. నేనేం ముట్టల్యా."

"ఈడ వైరొక్కటే ఏలాడతాంది."

పక్కింటి వనజమ్మ అప్పుడే పెరుగు గిన్నెతో లోపలికి వచ్చింది. గోడ చూసి గుండెల మీద చేయి వేసుకుంది. "అక్కా, ఇది దొంగల పనే. ముందు నెట్టు బాక్సు ఎత్తుకపోతారంట, కెమెరా చూడకుండా. బంగారుకు రాత్రికొస్తారు!" అంది. ఆ ఇంట్లో కెమెరా లేదు. అయినా ఆ మాట ఎవరికీ తట్టలేదు. పెద్దసుబ్బమ్మ భర్తకు ఫోన్ చేసింది. అది సంచి అడుగున సైలెంటుగా ఉంది. కూతురికి చేసింది. అది కంపెనీ పాటతో బిజీగా ఉంది. అల్లుడికి పదిహేడు సార్లు చేసింది. అతని ఫోను డ్యూటీలో ఉన్నంతసేపూ లాకర్‌లో ఉంటుంది.

ముబారక్ తెలివైనవాడు. ఆఫీసుకు ఫోన్ చేసి బాక్సు నంబరు చెప్పాడు. అటునుంచి జవాబు రాగానే వాడి కళ్లు మెరిశాయి. "పెద్దమ్మా! దొంగ దొరికినాడు! ఆ నంబరు ఇందాక జమ్మలమడుగులో ఒక లైను మీద తగులుకునేకి చూసిందంట. ఆడ అమీర్ బాషా ఉండాడు, మావోడే. ఇప్పుడే పంపిస్తా" అన్నాడు.

పదకొండుంబావుకు జమ్మలమడుగులో ప్రసూన ఇంటి ముందు రెండు బండ్లు ఆగాయి. ముగ్గురు దిగారు. ముందున్నవాడు అమీర్ బాషా. వెనక ఇద్దరూ వాడి స్నేహితులు, కండలు తిరిగిన వాళ్లు. దొంగ పారిపోకుండా ఉండాలంటే నెట్టు ఆఫీసు నుంచి వచ్చామని చెప్పకూడదని దారిలోనే అనుకున్నారు.

"పెద్దాయనా, నీళ్ల మీటరు చూడల్ల" అన్నాడు అమీర్ బాషా.

"ఒక మీటరుకు ముగ్గురా?" అన్నాడు రామసుబ్బయ్య.

"పెద్ద మీటరంట."

"ఈ పొద్దు కుదరదప్పా. లోపల ఇంటర్వ్యూ ఉంది. రేపు రాండి."

"ఒక్క నిమిషం లోపలికి పోనీ."

"నా మీద అడుగేసి పోండి" అంటూ రామసుబ్బయ్య రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఉద్యోగాన్ని ఎలాగూ కాపాడలేకపోయాడు. కనీసం గుమ్మాన్నయినా కాపాడదామనుకున్నాడు.

లోపల ప్రసూన ఫోన్లో గొంతు తగ్గించి అడుగుతూ ఉంది. "రెండు గంటల దాకా మనిషి రాడా? అంతకంటే ముందు ఈ దగ్గర్లో ఎవురూ లేరా?"

అమీర్ బాషా కన్ను రామసుబ్బయ్య కాళ్ల దగ్గరున్న సంచి మీద పడింది. "సంచిలో ఏముంది?"

"నా సద్ది!"

"చూపిచ్చు."

ఒకడు సంచి లాగాడు. రామసుబ్బయ్య కూడా లాగాడు. క్యారియర్ ఎగిరి బండల మీద పడింది. నాలుగు గిన్నెలూ నాలుగు వైపులా దొర్లిపోయాయి. చిత్రాన్నం గడప నుంచి వీధి దాకా పరుచుకుంది.

"పట్టుకోండప్పా! సంచి చూపియ్యడంటే బాక్సు దొంగ ఈయప్పే!" అని అరిచాడు అమీర్ బాషా. "ప్రొద్దుటూరులో రామసుబ్బయ్య ఇంట్లో బాక్సు ఎత్తుకొచ్చింది నువ్వే గదా?"

"ఏ రామసుబ్బయ్య?"

"చీరలంగడి రామసుబ్బయ్య!"

"రామసుబ్బయ్యను నేనేరా!"

"దొంగలందరూ అట్లే చెప్తారు!"

ఆ గొడవకు ప్రసూన బయటికి వచ్చింది. తండ్రి కాలరు ఒకడి చేతిలో ఉంది. ఆ కాలరుకున్న గుండుసూది గుచ్చుకుని వాడు కుయ్యోమంటున్నాడు. అమీర్ బాషా చొక్కా మీద కంపెనీ గుర్తు చూడగానే ఆమెకు మిగతాదేదీ కనబడలేదు.

"అన్నా, మీరు నెట్టు ఆఫీసోళ్లా?"

"అవునమ్మా. నీళ్ల మీటరని అబద్ధం చెప్పినాము గానీ..."

"దొంగతనం సంగతి తర్వాత మాట్లాడదాము. ముందు మా బాక్సులో అకౌంటు ఎక్కిచ్చన్నా, నీకు పున్నెముంటాది. పదకొండున్నరకు నా ఇంటర్వ్యూ."

అప్పటికి పదకొండూ ఇరవయ్యారు. తాను ప్రాణాలొడ్డి లోపలికి రానివ్వని మనిషే తన కూతురిని గట్టెక్కించగల ఒకే ఒక్క మనిషని రామసుబ్బయ్యకు అప్పుడర్థమైంది. కాలరు విడిపించుకుని, పక్కకు తప్పుకుని, "రాప్పా, లోపలికి రా" అన్నాడు.

అమీర్ బాషా మంచివాడు. విషయం సగమే అర్థమైనా పని పూర్తిగా చేశాడు. వెంకటసాయి అకౌంటు పేరు కొట్టాడు, ఆఫీసు నుంచి పాస్‌వర్డు అడిగి కొట్టాడు. పదకొండూ ముప్ఫై రెండుకు పచ్చ లైటు వెలిగింది. ప్రసూన ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ లింకు నొక్కింది. తెర మీద ఒక తెల్ల సున్నా తిరుగుతూ ఉండిపోయింది.

"ఇంకా రాలేదన్నా."

"కొత్తగా ఎక్కిచ్చినాము గదమ్మా. కాసేపు ఉండు, వస్తాది."

ఆ కాసేపట్లో అందరికీ మాటలొచ్చాయి. ముందు రామసుబ్బయ్యకు. "అది గాదప్పా, అకౌంటు నా పేరు మీదుంది. మీ కంపెనీ రెండూళ్లలోనూ ఒకటే. మరి నాది ఈడ ఎందుకు పని చెయ్యదు? నన్ను దొంగను చేస్తిరే!" అని అమీర్ బాషా మీదికి పోయాడు. అమీర్ బాషా ఫోన్లో ముబారక్, వాడి చేతిలోంచి ఫోన్ లాక్కున్న పెద్దసుబ్బమ్మ. "దొంగ పట్టుబడినాడా? రెండు దెబ్బలేసి అడగండి!" అని ఆమె అరుస్తూ ఉంది. "ఎండలో మమ్మల్ని పరిగెత్తిచ్చి, పైగా మాదే తప్పా?" అని అమీర్ బాషా అలిగాడు.

ప్రసూన ఒక కన్ను తెల్ల సున్నా మీద ఉంచి, గొంతు పెంచకుండా ఒక్కొక్కరికీ చెప్పింది.

"అన్నా, మీరు రాబట్టే మా నెట్టు వచ్చింది. మీది తప్పు గాదు. రోంత నీళ్లు తాగండి... అమ్మా, అరవొద్దు. దొంగ ల్యాడు. బాక్సు నాయనే తెచ్చినాడు. నీ బంగారు యాడిదాడే ఉంది. వనజత్తకు గూడా చెప్పు... నాయనా, ఇట్ల కూసో. బ్యాంకు అకౌంటు మనిషిది. నెట్టు అకౌంటు ఇంటిది. నీ పేరు రాసుంటారు గానీ, అది ప్రొద్దుటూరులో మన గోడకొచ్చిన వైరుకే కట్టేసుంటాది. ఆ ఇల్లు, ఆ వైరు, ఆ బాక్సు నంబరు, అన్నీ కలిపి ఆఫీసులో రాసుకుంటారు. వేరే ఇంటి వైరుకు పెడితే, ఈ నంబరు ఈడికెందుకొచ్చిందని పక్కన నిలబెడతారు. మన కరెంటు మీటరు పీకి సంచిలో ఏసుకోనొస్తే ఈడ మన కరెంటు వస్తాదా?"

"రాదు" అని ఒప్పుకున్నాడు రామసుబ్బయ్య.

"ఇదీ అంతే. ఒకరింటికి పోతే ఆ ఇంటి నెట్టే వాడుకోవల్ల. వాళ్ల వై-ఫై పేరు, పాస్‌వర్డు అడిగితే చెప్తారు. మన అకౌంటు మనింట్లోనే ఉంటాది, మనం తిరిగి పోయేదాకా. ఇప్పుడు ఫ్యాను కింద కూసున్నావు గదా. అది ఎవురి కరెంటు?"

రామసుబ్బయ్య తల పైకెత్తి ఫ్యాను చూశాడు. మెల్లగా లేచి, కుర్చీని గాలి తగలని మూలకు జరుపుకున్నాడు.

అప్పుడు ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ప్రసూన గారూ, నమస్కారం. నేను హేమమాలినిని. మీకు మా బొమ్మ కనిపించడం లేదనుకుంటాను. మాకు మాత్రం ఎనిమిది నిమిషాలుగా మీ గొంతు చక్కగా వినిపిస్తోంది."

ప్రసూన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేడమ్, క్షమించండి. ఇంట్లో చిన్న ఇబ్బంది..."

"ఎందుకండీ క్షమించడం? ఈ ఇంటర్వ్యూలో మేము చూసేది ఒక్కటే. కోపంగా ఉన్న మనిషికి విసుక్కోకుండా అర్థమయ్యేలా చెప్పగలరా లేదా అని. మామూలుగా మా స్టాఫ్‌లో ఒకరిని కోపిష్టి కస్టమర్‌గా నటించమంటాం. మీరు మీ కస్టమర్లను మీరే తెచ్చుకున్నారు, ఒకేసారి ముగ్గురిని. ఇంక నేను అడగడానికేమీ లేదు. సోమవారం నుంచి ట్రైనింగ్. ఉత్తరం సాయంత్రానికి వస్తుంది." ఆమె మళ్లీ నవ్వింది. "ఆ పెద్దాయన చాలా బాగా నటించారు."

"నటించల్యా తల్లీ" అన్నాడు రామసుబ్బయ్య మూలలోంచి. "నాకు నిజంగానే తెలీదు."

ఆయన వాకిట్లోకి వెళ్లి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. నాలుగేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు దిగిపోయింది. అది దిగగానే ఆకలి తెలిసింది. చిత్రాన్నం చూస్తే వీధిలో కోళ్ల పాలైంది. సీసాలో నీళ్లు తోపులాటలోనే ఒలికిపోయాయి.

ప్రసూన లోపల కంచం పెట్టి పిలిచింది. అమీర్ బాషాకు, వాడి స్నేహితులకు కూడా పెట్టింది. వంకాయ కూర వాసన వాకిట్లోకి వచ్చింది.

"నాయనా, ఈ పొద్దన్నా తింటావా?"

ఆయన ఒక్క క్షణం తండ్రిని, తాతను తలచుకున్నాడు. వాళ్లెవరూ కూతురింటికి నెట్టు మోసుకుపోలేదు. "పెట్టు పాపా" అన్నాడు. ఆమె వడ్డిస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈసారి ఏడ్చింది. ఆయనకు చాలా తేలికగా అనిపించింది.

టీ విరామంలో లాకర్ తెరిచి పదిహేడు మిస్డ్ కాల్స్ చూసి, అత్తకు ఫోన్ చేసి దొంగ జమ్మలమడుగులోనే ఉన్నాడని విని, గని నుంచి బండి మీద ఎగిరొచ్చిన వెంకటసాయి ఇంట్లో అడుగుపెట్టి కొయ్యబారిపోయాడు. దొంగలు పడ్డారన్న వార్తకు కూడా అంత హడలిపోలేదు. మామ తన ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుని, రెండోసారి వంకాయ కూర వేయించుకుంటున్నాడు.

"మామా, మీ ఆరోగ్యం బాగుంది గదా?" అన్నాడు కంగారుగా.

సాయంత్రం ప్రొద్దుటూరులో ముబారక్ ఆ బాక్సును పాత గోడకే బిగించాడు. ఏమీ జరగనట్టు పచ్చ లైటు వెలిగింది. పెద్దసుబ్బమ్మ సీరియలు చూసి ముగించాకే భర్తతో మాట్లాడింది.

ఇప్పుడు రామసుబ్బయ్య నెలకు రెండుసార్లు జమ్మలమడుగు వెళ్తున్నాడు. కూతురింట్లో అన్నం తింటాడు, నీళ్లు తాగుతాడు, ఫ్యాను కింద కునుకు తీస్తాడు. నెట్టు మాత్రం ముట్టడు.